సినగాగ్‌లో పెద్దల చదువు: ఏడాది పట్టికలో దేనితో మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది: న్యూజెర్సీలో మీ ఇంటికి దగ్గరలో ఉన్న సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) వారు సెప్టెంబరు నుండి జూన్ వరకు పెద్దల కోసం జరిపే తరగతులు, సాంస్కృతిక కార్యక్రమాల పట్టికను ఇరుగుపొరుగు వారికి కూడా పంపారు. పక్కింటి యూదు దంపతులు మిమ్మల్ని రమ్మన్నారు. యూదులు కానివారు వెళ్ళవచ్చునా, మతం మార్చే ఉద్దేశం ఏదైనా ఉంటుందా, ఇన్ని కార్యక్రమాలలో ఏది ఎంచుకోవాలి అని అడిగారు. ప్రజా గ్రంథాలయ ఉద్యోగిగా మా ఊరి సినగాగ్ వయోజన విద్యా సంఘంతో కలిసి ఉమ్మడి కార్యక్రమాలు జరిపాను. ఆ తరగతులలో శ్రోతగా చాలా కాలం కూర్చున్నాను. ఆ అనుభవంతో వివరంగా సమాధానం ఇస్తున్నాను.

మొదటి రెండు ప్రశ్నలకు సమాధానం సులభమే. 'అందరికీ ఆహ్వానం' అని రాసిన కార్యక్రమానికి నిస్సంకోచంగా వెళ్ళవచ్చు; అలా రాయని వాటి గురించి కార్యాలయానికి ఫోన్ చేసి అడిగితే చాలావరకు రమ్మనే అంటారు. ఇతరులను తమ మతంలోకి తీసుకురావడం యూదుల విధులలో లేదు. తానుగా మతం మారతానని వచ్చిన వ్యక్తిని సైతం రబ్బై (యూదు మతగురువు) మొదట నిరుత్సాహపరచడం వారి సంప్రదాయం. పట్టికలో 'యూదు మత పరిచయం' అనే తరగతి ఉంటే, అందులో మతం మారాలని ఆలోచిస్తున్నవారు, యూదులను పెళ్ళి చేసుకోబోతున్నవారు ఎక్కువగా ఉంటారు. కేవలం తెలుసుకోవాలని వచ్చేవారికి కూడా చోటు ఉంటుంది, కానీ ఏ ఉద్దేశంతో వచ్చారో మొదటి రోజే చెప్పడం మంచిది.

మూడవ ప్రశ్నకు మాత్రం నా సమాధానం మీ ఊహకు భిన్నంగా ఉండవచ్చు. ఇటువంటి పట్టిక చూసిన మనవారు సహజంగా సంగీత కచేరీని, సినిమాను, పస్కా విందును ఎంచుకుంటారు. అవి మంచివే. కానీ ఒక్కటే ఎంచుకోవలసి వస్తే, పట్టికలో ఏ అలంకారమూ లేకుండా, ఒక మూలన 'వారపు తోరా పాఠం, శనివారం ఉదయం' అని ఒకే పంక్తిలో రాసి ఉన్నదానిని ఎంచుకోండి. మిగిలిన కార్యక్రమాలన్నీ దాని చుట్టూ అల్లుకున్నవే. పాఠం తెలియకుండా కచేరీకి వెళితే పాట వింటారు. పాఠం తెలిసి వెళితే ఆ పాట ఆ నెలలో ఎందుకు పాడుతున్నారో కూడా తెలుస్తుంది.

దీనికి కారణం యూదుల సంవత్సరం నిర్మాణంలోనే ఉంది. తోరా అనే మోషే ఐదు గ్రంథాలను, అంటే ఆదికాండము నుండి ద్వితీయోపదేశకాండము వరకు, 54 భాగాలుగా విభజించి, ప్రతి వారం నియమిత భాగాన్ని సినగాగ్‌లో చదువుతారు. కొన్ని వారాలలో రెండు భాగాలు కలిపి చదివి ఏడాదిలో పూర్తి చేస్తారు. శరదృతువులో సిమ్హత్ తోరా పండుగనాడు ద్వితీయోపదేశకాండము చివరి వాక్యాలు చదివి, వెంటనే ఆదికాండము మొదటి వాక్యాలు అందుకుంటారు. వారి పంచాంగం చాంద్రసౌరమానం; మనకు అధికమాసం వచ్చినట్లే వారికీ 19 ఏళ్ళలో 7 సార్లు అదనంగా ఒక అదార్ నెల వస్తుంది. అందుకే వారి పండుగలు ఇంగ్లీషు తేదీలలో ముందు వెనుకలైనా ఋతువును దాటిపోవు. తిథుల లెక్క తెలిసిన తెలుగువారికి ఈ ఏర్పాటు అర్థం కావడానికి ఎక్కువ సమయం పట్టదు.

వారపు పాఠం ఎలా సాగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఆదికాండము 22వ అధ్యాయంలో దేవుడు అబ్రాహామును కుమారుణ్ణి బలి ఇవ్వమని అడుగుతాడు. ఈ అధ్యాయాన్ని సంవత్సరాది అయిన రోష్ హషానా రెండవ రోజు ప్రార్థనలో చదువుతారు. అది గంభీరమైన సందర్భం, ఆ రోజు ప్రశ్నలకు సమయం ఉండదు. ఆరేడు వారాల తరువాత అదే అధ్యాయం వారపు పాఠంలో మళ్ళీ వస్తుంది. ఈసారి బల్ల చుట్టూ పదిహేను ఇరవై మంది కూర్చుని ఉంటారు, చేతిలో కాఫీ ఉంటుంది, ఎవరైనా ఎక్కడైనా ఆపవచ్చు.

అందులో రెండవ వచనం చూడండి. నీ కుమారుణ్ణి, నీకు ఒక్కడే అయినవాణ్ణి, నీవు ప్రేమించేవాణ్ణి, ఇస్సాకును తీసుకొని వెళ్ళమని దేవుడు చెబుతాడు. ఒక్క పేరు చెబితే సరిపోయేదానికి నాలుగు మాటలు ఎందుకు అన్నది ప్రశ్న. 11వ శతాబ్దపు ఫ్రెంచి వ్యాఖ్యాత రషీ, యూదు ధర్మచర్చల సంకలనమైన తల్మూద్‌లోని పాత వివరణను అనుసరించి, ఆ నాలుగు మాటల మధ్య అబ్రాహాము జవాబులు వినిపిస్తాడు. 'నీ కుమారుణ్ణి' అంటే 'నాకు ఇద్దరు కొడుకులు'. 'ఒక్కడే అయినవాణ్ణి' అంటే 'ఇద్దరూ తమ తల్లులకు ఒక్కరే'. 'నీవు ప్రేమించేవాణ్ణి' అంటే 'ఇద్దరి మీదా ప్రేమే'. అప్పుడు గాని 'ఇస్సాకును' అన్న పేరు రాదు. పైకి మారు మాట్లాడకుండా బయలుదేరినట్లు కనిపించే తండ్రి, వ్యాఖ్యలో ప్రతి మాటకూ అడ్డుపడుతున్నాడు. హాగరు వల్ల కలిగిన తన మరొక కొడుకు ఇష్మాయేలును ఆయన మరచిపోలేదని కూడా అక్కడే తెలుస్తుంది. ఆ చర్చలో ఒక తల్లి, ఒక న్యాయవాది, ఒక మాజీ సైనికుడు తమ తమ జీవితాల నుండి మాట్లాడుతుంటే రబ్బై తీర్పు చెప్పకుండా మరొక వ్యాఖ్యాతను ముందుకు తెస్తాడు. గంటంతా ఆ ఒక్క వచనం మీదనే గడిచిపోవడం అక్కడ మామూలు విషయం.

వ్యాఖ్యానంతో కలిపి చదవడం మనకు కొత్త కాదు. మెదకు ప్రాంతపు కొలిచెలమ మల్లినాథసూరి వ్యాఖ్య లేకుండా కాళిదాసును చదవడం మన పండితులకు ఎలా ఊహకందదో, రషీ లేకుండా తోరా చదవడం యూదు విద్యార్థికి అలాగే ఊహకందదు. అయితే తల్మూద్ ముద్రిత పుటను మొదటిసారి చూసినవారు తికమకపడతారు. మూలం పుట నడుమ ఉంటుంది. బైండింగు వైపు రషీ వ్యాఖ్య, బయటి వైపు ఆయన మనుమల తరం వారి తోసఫోత్ అనే వ్యాఖ్య చుట్టుకుని ఉంటాయి. ఈ అమరిక 16వ శతాబ్దం మొదట్లో వెనిస్‌లో డేనియల్ బాంబెర్గ్ అచ్చువేసిన సంపుటాలతో స్థిరపడింది. దానిని ఒంటరిగా కాక జంటగా చదవడం పద్ధతి. ఆ జంటను హవ్రూతా అంటారు. ఒకరు గట్టిగా చదివి అర్థం చెబుతారు, రెండవవారు దానిని ఎదిరిస్తారు. ఎదిరించడం అక్కడ మర్యాద లోపం కాదు, చదువులో భాగం. పెద్దల ముందు నోరు మెదపకూడదని పెరిగిన మనలాంటి వారికి ఇది అలవాటు కావడానికి కొంత కాలం పడుతుంది. మీరు మొదటి రోజునే మాట్లాడనవసరం లేదు, వినేవారిని కూడా అక్కడ గౌరవిస్తారు.

పట్టికలో 'దఫ్ యోమీ' అని కనిపిస్తే అది రోజుకొక తల్మూద్ పత్రం చదివే దీక్ష. పోలండుకు చెందిన రబ్బై మెయిర్ షపీరో 1923లో వియన్నాలో జరిగిన సభలో దీనిని ప్రతిపాదించాడు. మొత్తం 2,711 పత్రాలు, అంటే సుమారు ఏడున్నర ఏళ్ళు. ప్రపంచమంతటా ఆ రోజు అందరూ చదివేది ఒకే పత్రం. ప్రస్తుత ఆవృత్తి 2020 జనవరి 5న మొదలైంది. మధ్యలో చేరవచ్చు, కానీ కొత్తవారికి నేను దీనిని సూచించను. వేగం ఎక్కువ, ఆగి అడిగే అవకాశం తక్కువ.

పెద్దల చదువుకు ఇంత చోటు ఎందుకు ఇచ్చారన్నది మీరు అడగలేదు గాని, అది తెలియకపోతే పట్టిక వట్టి వినోదాల జాబితాగా కనిపిస్తుంది. తల్లిదండ్రులను గౌరవించడం, దానధర్మాలు, శాంతి కూర్చడం వంటి సత్కార్యాలను లెక్కించి, తోరా అధ్యయనం వాటన్నింటికీ సమానమని యూదు ధర్మసూత్రాల పాత సంకలనమైన మిష్నా చెబుతుంది. అక్కడ చదువు పిల్లలతో ముగిసేది కాదు. అయితే ఈనాటి తరగతుల రూపానికి దగ్గరి పూర్వీకుడు జర్మనీలో ఉన్నాడు. ఒక దశలో క్రైస్తవంలోకి వెళ్ళబోయి 1913లో వెనుదిరిగిన తత్త్వవేత్త ఫ్రాంజ్ రోజెన్‌ట్స్‌వైగ్, 1920లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో పెద్దల కోసం స్వేచ్ఛా విద్యాలయం నడిపాడు. పాత పద్ధతిలో తోరా నుండి జీవితంలోకి వెళ్ళేవారు. ఇప్పుడు జీవితం నుండి, తోరా ఎరుగని చోటు నుండి బయలుదేరి తోరా వైపు రావాలన్నది ఆయన మార్గం. ఏమీ తెలియకపోవడం అక్కడ అనర్హత కాలేదు. మార్టిన్ బూబర్, గెర్షోమ్ షోలెమ్, ఎరిక్ ఫ్రోమ్ అక్కడ బోధించారు. నాజీలు యూదులను విద్యాసంస్థల నుండి వెళ్ళగొడుతున్న 1933లో బూబర్ ఆ విద్యాలయాన్ని మళ్ళీ తెరిచాడు. 1938లో అది మూతపడింది. ఈ చరిత్ర చదివినప్పటి నుండి మా ఊరి సినగాగ్‌లోని ఆ చిన్న తరగతి గదిని నేను మరింత గౌరవంగా చూస్తున్నాను.

అమెరికాలో దీనికి మరొక పాయ చేరింది. సినగాగ్ ప్రార్థనకే పరిమితం కాకుండా సంగీతానికి, నాటకానికి, భోజనానికి కూడా నిలయం కావాలని, యూదు మతాన్ని ఒక నాగరికతగా చూడాలని రబ్బై మొర్దెకై కాప్లాన్ వాదించాడు. మీ పట్టికలో 'సాంస్కృతిక' అన్న శీర్షిక వెనుక ఆ ఆలోచన ఉంది. ఆయన కుమార్తె జుడిత్ 1922 మార్చి 18న న్యూయార్క్‌లో బత్ మిత్స్వా జరుపుకుంది. అమెరికాలో సినగాగ్‌లో జరిగిన మొదటి బత్ మిత్స్వాగా దానినే చెబుతారు. అంతకు ముందు పదమూడేళ్ళ మగపిల్లలకే సభ ఎదుట తోరా చదివే ఆ వేడుక ఉండేది. ఆమె 82 ఏళ్ళ వయసులో, 1992లో, మరొకసారి ఆ వేడుక జరుపుకుంది. మీ పట్టికలో 'పెద్దల బత్ మిత్స్వా తరగతి, రెండేళ్ళు' అని ఉంటే అందులో చిన్నప్పుడు ఆ అవకాశం దక్కని బామ్మలు కూడా ఉంటారు. అరవై ఏళ్ళు దాటాక హీబ్రూ అక్షరాలు దిద్ది, స్వరంతో తోరా చదవడానికి సిద్ధపడతారు. ఆ తరగతి మీ కోసం కాదు, కానీ చివరి రోజు వేడుకకు పిలిస్తే తప్పక వెళ్ళండి.

ఇక ఏడాది క్రమం. రోష్ హషానాకు ముందు ఎలూల్ నెలలో పశ్చాత్తాపం, క్షమాపణ అన్న అంశాల మీద తరగతులు ఉంటాయి. యోమ్ కిప్పూర్ ఉపవాసం నాటి మధ్యాహ్నం యోనా గ్రంథం, సుక్కోత్ పందిళ్ళ పండుగలో ప్రసంగి గ్రంథం చదువుతారు. ఆ రోజులలో రబ్బైకి ఊపిరి సలపదు కాబట్టి కొత్త తరగతులు అక్టోబరు తరువాతే ఊపందుకుంటాయి. హనుకా దీపాల పండుగకు ముందు నెలను యూదు పుస్తక మాసంగా జరుపుతారు. ఇది 1925లో బోస్టన్ ప్రజా గ్రంథాలయంలో ఫానీ గోల్డ్‌స్టైన్ అనే గ్రంథపాలకురాలు పెట్టిన పుస్తక ప్రదర్శన నుండి పుట్టింది. మా వృత్తివారి చేతిలో మొదలైన ఆచారం కావడం వల్ల నాకు దీనిమీద ప్రత్యేక మమకారం. రచయితల ప్రసంగాలు ఎక్కువగా ఈ నెలలోనే ఉంటాయి.

హనుకా సందర్భంగా మీరు తల్మూద్ తరగతికి ఒక్కసారైనా వెళ్ళండి. ఎనిమిది రాత్రుల దీపాలలో మొదటి రాత్రి ఎనిమిది వెలిగించి రోజుకొకటి తగ్గించాలని ప్రాచీన గురువు షమ్మై శిష్యులు, ఒకటితో మొదలుపెట్టి రోజుకొకటి పెంచాలని మరొక గురువు హిల్లేల్ శిష్యులు వాదించారు. ఆచారం హిల్లేల్ పక్షానే నిలిచింది. కానీ ఓడిన వాదాన్ని గ్రంథం నుండి తీసివేయలేదు. రెండు పక్షాలవి కూడా దేవుని మాటలేనని, హిల్లేల్ శిష్యులు ఎదుటివారి వాదాన్ని తమదానికంటే ముందు చెప్పేవారు కాబట్టే వారి మాట చెల్లిందని తల్మూద్ మరొకచోట వివరిస్తుంది. ఈ ఒక్క పాఠంతో ఆ సమాజపు చదువు తీరు మొత్తం మీకు అందుతుంది.

చలికాలంలో చెట్ల పండుగ తూ బిష్వాత్, ఆ తరువాత ఎస్తేరు గ్రంథం చదివే పూరిమ్ వస్తాయి; రెండూ పిల్లలతో సందడిగా ఉంటాయి. పస్కా ముందు 'అన్ని మతాల వారికి సెదెర్' అనే పస్కా విందు ఉంటే వెళ్ళవచ్చు, కానీ పక్కింటివారు తమ ఇంటి సెదెర్‌కు పిలిస్తే ఆ పిలుపుకే మొగ్గు చూపండి. అది ఇంటి పండుగ, అందులో చిన్నపిల్ల అడిగే నాలుగు ప్రశ్నలతోనే కథ మొదలవుతుంది. పస్కా తరువాత షవూఓత్ పండుగ వరకు వచ్చే శనివారాల మధ్యాహ్నాలలో పిర్కే అవోత్ అనే పెద్దల సూక్తుల గ్రంథాన్ని వారానికొక అధ్యాయం చొప్పున చదవడం పాత ఆచారం. అందులో ఆరు అధ్యాయాలే ఉన్నాయి, వాక్యాలు చిన్నవి, హీబ్రూ రాకపోయినా చర్చలో పాల్గొనవచ్చు. అదే కాలంలో నాజీ మారణహోమ స్మారక దినం వస్తుంది. బతికి బయటపడినవారు ఇప్పుడు కొద్దిమందే మిగిలారు, చాలాచోట్ల వారి పిల్లలు మాట్లాడుతున్నారు. ఆ సాయంత్రం ప్రశ్నలు వేయవద్దు. వెళ్ళి కూర్చుని వినడమే సరిపోతుంది.

మేలోనో జూన్‌లోనో వచ్చే షవూఓత్ రాత్రికి మాత్రం సెలవు పెట్టుకొనైనా వెళ్ళండి. సీనాయి కొండపై తోరా అందిన రోజుగా దానిని భావిస్తారు. ఆ రాత్రంతా మేలుకుని చదువుతారు. 16వ శతాబ్దంలో యోసెఫ్ కారో, ష్లోమో అల్కబెత్స్ వంటి మార్మికుల మధ్య రూపుదిద్దుకున్న ఈ ఆచారం గలిలయలోని సఫెద్ నుండి వ్యాపించింది. శివరాత్రి జాగరణ ఎరిగిన మనకు మేలుకోవడం కొత్త కాదు, కానీ అక్కడ మేలుకునేది పాఠాల కోసం. పక్కపక్క గదులలో గంటకొక తరగతి జరుగుతుంది. ఒక గదిలో రూతు గ్రంథం, ఇంకొక గదిలో వైద్యనీతి, మరొకచోట తూర్పు ఐరోపా యూదుల భాష అయిన యిడ్డిష్ కవిత్వం ఉండవచ్చు. నడవాలో కాఫీ, పాల వంటకాలు, ముఖ్యంగా చీజ్‌కేక్ పెడతారు. చెప్పేవారిలో రబ్బైలే కాక సినగాగ్ సభ్యులైన ఉపాధ్యాయులు, వైద్యులు కూడా ఉంటారు. అర్ధరాత్రి దాటాక జనం పలచబడతారు, మాటలు మాత్రం చిక్కబడతాయి. ఏడాది పాఠాలకు వెళ్ళినవారికి ఆ రాత్రి వినిపించే పేర్లన్నీ అప్పటికే పరిచితాలై ఉంటాయి.

సాంస్కృతిక కార్యక్రమాలలో రెండు రకాలను వదులుకోవద్దు. ఒకటి, వారాంతం అంతా ఒకే పండితుడు శుక్రవారం రాత్రి భోజనం నుండి ఆదివారం ఉదయం వరకు మూడు నాలుగు ప్రసంగాలు చేసే అతిథి పండితుని కార్యక్రమం. ఇది తరచుగా ఎవరైనా కుటుంబం తమ గతించిన పెద్దల పేర ఇచ్చిన నిధితో జరుగుతుంది. రెండవది, భారతదేశపు యూదుల గురించిన కార్యక్రమాలు. కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ వారు, కొచ్చి యూదులు, కలకత్తా, బొంబాయి నగరాల బాగ్దాదీలు వీటిలో ప్రధానంగా కనిపిస్తారు. 12వ శతాబ్దంలో మంగళూరులో చాలా ఏళ్ళు ఉండి కంచు పని చేయించిన అబ్రహాం బెన్ యీజూ అనే వర్తకుని ఉత్తరాలు కైరో సినగాగ్ గెనీజాలో, అంటే పాత కాగితాల గదిలో, దొరికాయి. తెలుగు నేలతో సంబంధం కూడా లేకపోలేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయీం అనే తెలుగు సమాజం సినగాగ్ నిర్మించుకుంది. వారి మూలాల గురించి పండితులలో చర్చ ఉన్నా, వారు తెలుగులోనే ఆ పండుగలను చెప్పుకుంటారు. జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ షుల్మన్, వెల్చేరు నారాయణరావుతో కలిసి మన కావ్యాలను ఇంగ్లీషులోకి తెచ్చాడు. భారతదేశం గురించి కార్యక్రమం కావాలని మీరు విద్యా సంఘానికి సూచిస్తే వారు సంతోషిస్తారు.

వెళ్ళే ముందు కొన్ని విషయాలు. 2018 అక్టోబరు 27న పిట్స్‌బర్గ్ సినగాగ్‌లో జరిగిన కాల్పులలో 11 మంది మరణించిన తరువాత అనేకచోట్ల ముందస్తు నమోదు, గుమ్మం దగ్గర సంచుల తనిఖీ తప్పనిసరి అయ్యాయి. దానిని అనుమానంగా తీసుకోకండి. పురుషులు తలపై కిప్పా అనే చిన్న టోపీ పెట్టుకోవాలి, గుమ్మంలోనే బుట్టలో ఉంటాయి. ఆర్థడాక్స్ అనే సంప్రదాయ శాఖ సినగాగ్‌లో ప్రార్థనా మందిరంలో స్త్రీపురుషులు విడివిడిగా కూర్చుంటారు. రిఫార్మ్, కన్సర్వేటివ్ అనే శాఖల సినగాగ్‌లలో సాధారణంగా ఆ విభజన ఉండదు. శనివారం తరగతిలో నోట్సు రాసుకోవడం, ఫోన్ తీయడం చాలాచోట్ల నిషిద్ధం, కాబట్టి ముందుగా అడగండి. ఆహారానికి కోషర్ అనే యూదు ఆహార నియమాలు ఉంటాయి. మన పద్ధతిలో ఇంటి నుండి పులిహోర చేసి పట్టుకు వెళ్ళవద్దు, పండ్లు తేవచ్చునేమో కార్యాలయంలో కనుక్కోండి. పవిత్ర గ్రంథాన్ని నేలమీద పెట్టకూడదు, కింద పడితే తీసి ముద్దుపెట్టుకుంటారు. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే మనకు ఇది వేరే చెప్పనవసరం లేదు. సభ్యులు కానివారికి కొన్ని తరగతులకు కొంత రుసుము ఉంటుంది, భరించలేనివారికి తగ్గించే వీలు చాలాచోట్ల ఉంది.

మొదటి శనివారానికి ముందు ఆ వారపు భాగం ఏదో కార్యాలయాన్ని అడిగి తెలుసుకుని, ఇంట్లో తెలుగు బైబిలు పాత నిబంధనలో ఆ అధ్యాయాలు చదువుకొని వెళ్ళండి. అది క్రైస్తవ అనువాదమే అయినా కథాక్రమం తెలుసుకోవడానికి చాలు. కొన్నిచోట్ల వచన సంఖ్య ఒకటి ముందు వెనుకలవుతుంది, కంగారు పడకండి. సెఫారియా అనే ఉచిత వెబ్‌సైటులో అదే భాగం హీబ్రూ, ఇంగ్లీషులలో రషీ వ్యాఖ్యతో సహా దొరుకుతుంది. సంశయం కలిగిన ఒక్క వచనాన్ని గుర్తుపెట్టుకుని వెళ్ళండి. బల్ల దగ్గర మీ వంతు వచ్చినప్పుడు దానినే అడగవచ్చు.